లుకేమియా రోగి ఒంటి మీద ఎర్రటి వాపు: కంటితో చూసి పేరు పెట్టలేం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాన్నగారికి 56 ఏళ్లు, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. మొదటి విడత కీమో పూర్తయి, తెల్లకణాలు బాగా పడిపోయాయి. కౌంట్లు పెరగడానికి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడో రోజున 102 జ్వరం వచ్చింది. మెడ మీద, ముంజేతుల మీద, కాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టిన చోట ముట్టుకోనివ్వనంత నొప్పితో ఎర్రటి బిళ్లలు లేచాయి. నాలుగు రోజులు యాంటీబయోటిక్స్ ఇచ్చినా తగ్గకపోవడంతో చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. ‘స్వీట్ సిండ్రోమ్’ అని తేల్చి స్టెరాయిడ్ ఇచ్చారు. రెండో రోజుకల్లా జ్వరం దిగింది. ఇది క్యాన్సర్ చర్మానికి పాకడమా, ఒంట్లో రోగనిరోధక శక్తే లేని మనిషికి స్టెరాయిడ్ ఎలా ఇస్తారు, ముక్క తీయడం వల్ల ముప్పు ఉందా, వచ్చే విడతలో మళ్లీ వస్తుందా అని అడిగారు. మీ పెద్దమ్మగారు వంకాయ మాన్పించమన్నారని కూడా రాశారు. దానికీ జవాబు చెబుతాను.

నేను చర్మవ్యాధుల వైద్యుణ్ణి. రక్త క్యాన్సర్ వార్డు నుంచి ఫోను వస్తే వెళ్లి చూడడం ఇరవై ఏళ్లకు పైగా నా పనిలో భాగం. నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఆయన వైద్యులు చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే వాళ్ల మాటే వినండి.

ముందుగా పేరు సంగతి. మిఠాయికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు. రాబర్ట్ డగ్లస్ స్వీట్ అనే వైద్యుడు ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లలో దీన్ని గమనించి 1964లో రాశారు, అందుకే ఆ పేరు. ‘స్వీట్’ అని విని ఇంట్లో పంచదార డబ్బా దాచేసిన కుటుంబాన్ని చూశాను. తమాషా ఏమిటంటే, స్టెరాయిడ్ వాడుతున్నన్నాళ్లూ రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి కారణం తప్పయినా వాళ్లు చేసిన పని ఒప్పే.

ఇది క్యాన్సర్ పాకడం కాదు. లుకేమియా కణాలే చర్మంలోకి చేరి గడ్డలు కట్టే పరిస్థితి వేరే ఉంది, దాన్ని లుకేమియా క్యూటిస్ అంటారు. ఆ గడ్డలు సాధారణంగా గట్టిగా, నొప్పి లేకుండా, నేరేడుపండు రంగులోనో గోధుమ రంగులోనో ఉంటాయి. మోనోసైట్ అనే తెల్లకణాల తరహా మైలాయిడ్ లుకేమియాల్లో ఎక్కువగా కనిపిస్తాయి, కొందరికి వాటితోపాటు చిగుళ్లూ ఉబ్బుతాయి. స్వీట్ సిండ్రోమ్ అలాంటిది కాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపుగా చర్మంలోకి చేరి, చంపడానికి ఏ సూక్ష్మజీవీ లేకపోయినా, ఉన్నట్లే యుద్ధం చేస్తాయి. జ్వరం, వాపు, నొప్పి అన్నీ నిజమైనవే. శత్రువు మాత్రం ఉండదు. బిళ్లలు నీరు నిండిన పొక్కుల్లా నిగనిగలాడుతుంటాయి, సూదితో గుచ్చి చూస్తే చుక్క నీరు రాదు. కొందరికి కళ్లు ఎర్రబడతాయి, కీళ్లు నొప్పి పెడతాయి.

ఇక్కడ చదువుకున్నవాళ్లు నన్ను తరచూ నిలదీసే ప్రశ్న ఒకటుంది. రక్తంలో న్యూట్రోఫిల్స్ సున్నాకు దగ్గరగా ఉన్నాయని రిపోర్టు చెబుతుంటే చర్మంలోకి అన్ని కణాలు ఎక్కడి నుంచి వచ్చాయని. రక్తపరీక్ష లెక్క రక్తనాళాల్లో తిరుగుతున్న కణాలదే. రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ నుంచి బయటికి వచ్చిన కొద్ది కణాలూ చర్మం పిలుపుకు అటే పోయి కూర్చుంటే రక్తంలో లెక్కకు అందవు. కొందరు రోగుల చర్మం ముక్కల్లో జన్యుపరీక్ష చేసి చూస్తే, ఆ న్యూట్రోఫిల్స్ లుకేమియా వంశానివేననీ, ముదిరి పెద్దవై చర్మంలోకి వచ్చాయనీ తేలింది. అంటే ‘క్యాన్సర్’, ‘వాపు’ అని మనం గీసుకున్న గీత ఒంటి లోపల అంత తిన్నగా ఉండదు. అలా తేలిన రోగిలో కూడా చర్మానికి ఇచ్చే చికిత్స ఇదే.

నాన్నగారికి ఇచ్చిన కౌంట్లు పెంచే ఇంజెక్షన్, ఫిల్‌గ్రాస్టిమ్ జాతి మందు, ఈ జబ్బును రేపే మందుల్లో ముందుంటుంది. న్యూట్రోఫిల్స్‌ను పుట్టించి తరమడమే దాని పని, ఒక్కోసారి మరీ గట్టిగా తరుముతుంది. ప్రోమైలోసైటిక్ లుకేమియాకు ఇచ్చే ట్రెటినాయిన్ గుళికలు, అజాసిటిడిన్, లుకేమియా కణాల్లో ఎఫ్‌ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఇచ్చే గిల్టెరిటినిబ్ లాంటి మాత్రలు కూడా రేపగలవు. మందేమీ లేకుండా లుకేమియా ఒక్కటే రేపడమూ ఉంది. ఇంకా చెప్పాలంటే కొందరిలో చర్మం ముందు, క్యాన్సర్ తర్వాత బయటపడతాయి. జ్వరం, నొప్పి బిళ్లలతో నా దగ్గరికి వచ్చిన మనిషి రక్తపరీక్షలో హీమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ తక్కువగా కనిపిస్తే చర్మంతో ఆగను, మజ్జ పరీక్షకు పంపుతాను.

కాన్యులా పెట్టిన చోట బిళ్ల లేవడం గురించి ప్రత్యేకంగా అడిగారు. ఈ జబ్బులో చర్మానికి చిన్న గాయమైతే చాలు, అక్కడ వాపు లేస్తుంది. సూది గుచ్చిన చోట, అంటు పట్టీ లాగిన చోట, రక్తం తీసిన మోచేతి మడతలో. నర్సులు దాన్ని నరం వాపు అనుకుని రెండో చేతికి కాన్యులా మారుస్తారు, అక్కడా లేస్తుంది. ఈ స్వభావానికి పరాకాష్ఠ పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే దీని దాయాది. ఊదా రంగు అంచుతో, ఆ అంచు కింద తొలుచుకుపోయినట్లు ఉండే పుండు. రక్త క్యాన్సర్ ఉన్నవారిలో తరచు బొబ్బగా మొదలై చేతుల మీద వస్తుంది. దాన్ని కుళ్లిన పుండనుకుని సర్జన్ గీకి శుభ్రం చేస్తే మరుసటి రోజుకు రెట్టింపవుతుంది. మళ్లీ శుభ్రం చేస్తారు, మళ్లీ పెరుగుతుంది. అరచేతి అంతదాకా పెరిగిన పుండుతో ఒకాయనను నా దగ్గరకు తెచ్చారు, మొదట అది శనగగింజంత బొబ్బ. మూడుసార్లు థియేటర్‌కు తీసుకెళ్లారట. నాన్నగారికి ఎప్పుడైనా పుండు కోసి శుభ్రం చేయాలంటే, ‘ఈయనకు స్వీట్ సిండ్రోమ్ వచ్చింది, ముందు చర్మం డాక్టరుకు చూపిస్తారా’ అని అడగండి. ఆ ఒక్క వాక్యం చాలు.

ఇక స్టెరాయిడ్. మీ భయం అర్థం లేనిది కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

కౌంట్లు పడిపోయిన లుకేమియా రోగి చర్మం మీద ఎర్రటి, వాచిన, నొప్పి పుట్టించే మచ్చ కనిపిస్తే అది సూక్ష్మజీవి పని కావచ్చు, లుకేమియా కణాల పని కావచ్చు, ఒట్టి వాపు కావచ్చు, మందు పడకపోవడం కావచ్చు. చూడడానికి నాలుగూ ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి, చికిత్సలు మాత్రం ఒకదానికొకటి ఎదురు. ఫంగస్ ఉన్నచోట స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే మంటలో పెట్రోలు పోసినట్లే. స్వీట్ సిండ్రోమ్‌కు యాంటీబయోటిక్స్ ఎన్ని మార్చినా జ్వరం దిగదు. లుకేమియా క్యూటిస్‌కు కీమోనే కావాలి. కాబట్టి నాన్నగారి వైద్యులు ముందు యాంటీబయోటిక్ ఇవ్వడం తప్పు కాదు, సరైన వరస. న్యూట్రోఫిల్స్ లేని మనిషికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయోటిక్ ఎక్కించాలి, చర్మం సంగతి తేలేదాకా ఆగకూడదు. ఆ తర్వాత ముక్క తీశారు, సూక్ష్మజీవి లేదని చూసుకున్నారు, అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మామూలుగా కిలో బరువుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము చొప్పున ప్రెడ్నిసొలోన్ ఇస్తాం. 60 కిలోల మనిషికి 30 నుంచి 60 మిల్లీగ్రాములన్నమాట. జ్వరం, నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గడం ఈ జబ్బు ముద్ర. అంత త్వరగా లొంగకపోతే నేను రోగాన్ని కాదు, నా నిర్ణయాన్ని అనుమానిస్తాను. తగ్గాక నాలుగైదు వారాల పాటు మోతాదు దించుకుంటూ వస్తారు. ‘నయమైంది కదా’ అని ఇంట్లో మాత్ర ఆపేయకండి, బిళ్లలు తిరిగి లేస్తాయి, ఒళ్లు కూడా తట్టుకోలేదు. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు ఇవ్వలేని వారికి కోల్చిసిన్, డాప్సోన్, పొటాషియం అయొడైడ్ ఉన్నాయి. డాప్సోన్ హీమోగ్లోబిన్‌ను దించుతుంది, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే మరీ ప్రమాదం. కీమోతో రక్తహీనంగా ఉన్న మనిషికి దాన్ని నేను ముందు ఎంచుకోను.

ముక్క పరీక్షంటే మనవాళ్లకు ఎందుకంత భయమో నాకు తెలుసు. ‘కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాట ప్రతి వార్డు వరండాలోనూ వినిపిస్తుంది. లుకేమియా మజ్జలో పుట్టి రక్తంలో కలిసే జబ్బు, మొదటి రోజు నుంచే ఒళ్లంతా తిరుగుతోంది. చర్మం ముక్క తీస్తే అది కొత్తగా ఎక్కడికి పాకుతుంది చెప్పండి. చేసేది చాలా చిన్న పని. మత్తు సూది వేసి, పెన్సిల్ లాంటి పిడి ఉన్న గుండ్రటి బ్లేడుతో 4 మిల్లీమీటర్ల ముక్క తీసి ఒక కుట్టు వేస్తాం. ప్లేట్‌లెట్లు 20 వేలు ఉన్నవారికి కూడా చేశాను. పది నిమిషాలు వేలితో నొక్కిపట్టుకుంటే రక్తం ఆగుతుంది. గమనించాల్సిందల్లా, తీసిన ముక్క ఒకే సీసాలోకి పోకూడదు. ఫార్మలిన్ సీసాలోకి వెళ్లింది సూక్ష్మదర్శిని కింద చూడడానికే పనికొస్తుంది, అందులో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. రెండో ముక్క శుభ్రమైన సెలైన్‌లో కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు, వెళ్లాలి. హడావిడిలో రెండో సీసా మరచిపోవడం నేను చాలాసార్లు చూశాను. అడగడానికి మొహమాటపడకండి. బ్యాక్టీరియా కల్చర్ రెండు మూడు రోజుల్లో చెబుతుంది, ఫంగస్‌కు వారాలు పడుతుంది. అందుకే మొదటి రిపోర్టు బాగుందని చెప్పి రెండో రిపోర్టు తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోకూడదు.

ఒక్క గుర్తు మాత్రం ముక్క పరీక్ష కోసం కూడా ఆగనివ్వదు. ఎర్రటి మచ్చ మధ్యలో నల్లబడడం. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చర్మంలో రక్తనాళాలను మూసేస్తే, పొద్దున ఎర్రగా ఉన్న మచ్చ సాయంత్రానికి బొబ్బయి, మర్నాటికి నల్లటి చెక్కు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, పిరుదుల దగ్గర చూడండి. అక్కడ చూపించడానికి సిగ్గుపడి పెద్దవాళ్లు చెప్పరు. నల్లటి మచ్చ, కౌంట్లు లేని మనిషి, జ్వరం, మూడూ కలిస్తే అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే.

ఇంకో మాట, మన చర్మం రంగు గురించి. పుస్తకాల్లో ‘ఎర్రబడింది’ అని రాసేది తెల్ల చర్మం మీది మాట. చామనఛాయ చర్మం మీద అదే వాపు కాఫీ రంగులోనో, ఊదాగానో, కాస్త నల్లబడినట్లో కనిపిస్తుంది. నల్లటి ఒళ్లయితే రంగు మారినట్లే తెలియదు. అందుకే కంటికంటే చేతిని నమ్మండి. వేళ్ల వెనకభాగంతో తాకి పక్క చర్మంతో పోల్చి చూడండి, వేడిగా ఉందా, గట్టిపడిందా, నొక్కితే మొహం చిట్లిస్తున్నారా.

నాన్నగారికి తర్వాతి విడతల్లో బహుశా సైటరబీన్ అనే కీమో మందు ఎక్కువ మోతాదులో ఇస్తారు. అప్పుడు మరో రకం ఎర్రదనం రావచ్చు, దాన్ని చూసి మళ్లీ స్వీట్ వచ్చిందని కంగారుపడతారేమోనని ముందే చెబుతున్నాను. అరచేతులు, అరికాళ్లు తిమ్మిరెక్కి, మంటపుట్టి, కందగడ్డలా కందిపోతాయి. చెవులు ఎర్రబడి వేడెక్కుతాయి. చంకల్లో, గజ్జల్లో, చెమట పట్టి రాపిడయ్యే చోట్ల చర్మం కమిలినట్లవుతుంది. కీమో మొదలైన రెండు మూడు రోజుల నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. మందు నేరుగా చర్మకణాలనూ చెమటగ్రంథులనూ కాల్చడం వల్ల వచ్చేదిది, అలర్జీ కాదు. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఎవరైనా ఫైలు మీద ‘సైటరబీన్ అలర్జీ’ అని రాసేస్తే, ప్రాణం నిలిపే మందు ఆ మనిషికి మూసుకుపోతుంది. చల్లటి గుడ్డ, మెత్తటి చెప్పులు, వాసన లేని లేపనం ఉంటే చాలు, పొట్టు రాలి దానంతట అదే మానుతుంది. అదే మందుతో కళ్లు ఎర్రబడకుండా ముందే కంటిచుక్కలు వేస్తారు, ఒక్క పూట కూడా మానకండి.

నిజమైన మందు అలర్జీ వేరేగా ఉంటుంది. యూరిక్ యాసిడ్ తగ్గడానికి మొదట్లో ఇచ్చే అల్లోప్యూరినాల్, న్యుమోనియా రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ రెండింటినీ నేను ఎప్పుడూ అనుమానంగా చూస్తాను. మొదలుపెట్టిన రెండు వారాల నుంచి రెండు నెలల మధ్య జ్వరం, మొహం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు పచ్చబడడం వచ్చాయంటే కీమోను కాదు, ముందు వాటిని ఆపాలేమో అడగాలి. పెదవులు, కళ్లు, మూత్రద్వారం పుండ్లయితే ఇంకా తొందరపడాలి.

మైలాయిడ్‌లోనే దీర్ఘకాలిక రకానికి ఇచ్చే ఇమాటినిబ్ కథ వేరు. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బుతాయి. నెలలు గడిచేకొద్దీ ఒళ్లు రంగు తేలుతుంది, రంగు తయారుచేసే కణాలకు కావలసిన సంకేతాన్ని కూడా ఆ మందు ఆపేస్తుంది మరి. నా దగ్గరకు వచ్చే ఒక రైతును ఊళ్లో వాళ్లు ‘పట్నం నీళ్లు పడ్డాయి, తెల్లబడ్డావు’ అని మెచ్చుకుంటుంటే, ఆయన మాత్రం బొల్లి వచ్చిందని బెంగపడి పది రోజులు మాత్రలు మానేశాడు. రంగు కోసం మాత్ర మానకండి. టోపీ పెట్టుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని పొలానికి వెళితే చాలన్నాను. వినలేదు, మెడ మాడింది, అప్పుడు విన్నాడు.

పెద్ద వయసు వారికి వచ్చే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాలో ఇంకో వింత. దోమ కుట్టినట్లే దురద పుట్టే దద్దుర్లు, కొన్నిసార్లు బొబ్బలు. దోమతెర, కాయిల్, వేపపొగ అన్నీ అయిపోయినా రోజూ కొత్తవి వస్తుంటాయి. ఇంట్లో ఇంకెవరినీ కుట్టని దోమ తాతగారినే వెతుక్కుని కుడుతుందా? మన ఊళ్లలో దోమలు నిజంగానే ఉండడం వల్ల ఈ అనుమానం ఎవరికీ ఆలస్యంగా తప్ప రాదు. దారితప్పిన రోగనిరోధక వ్యవస్థ చేసే పనే ఇది, కుట్టడం జరగకపోయినా జరుగుతుంది. అదే జబ్బు వారిలో, చాలా అరుదుగా, నోరంతా పుండ్లయి పెదవుల మీద రక్తపు చెక్కులు కడితే అది 1990లో మొదటిసారి వర్ణించిన పారానియోప్లాస్టిక్ పెంఫిగస్ కావచ్చు. అది ఊపిరితిత్తులకూ దెబ్బ తీస్తుంది, నోటిపూత మాత్రలతో కాలం గడపకూడదు.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయం. నాన్నగారికి సంబంధం లేదు, ఇది చదివే తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఆరేళ్ల బాబుకు జ్వరం, మోకాళ్ల నొప్పులు, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. ఊళ్లో ‘అలర్జీ’ అని పది రోజులు ప్రెడ్నిసొలోన్ సిరప్ పోశారు. పిల్లవాడు లేచి ఆడుకున్నాడు, ఆకలి పెరిగింది, అందరూ సంతోషించారు. మూడు వారాలకు మళ్లీ పడ్డాడు, ఈసారి లేవలేని స్థితిలో తెచ్చారు. పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా కణాలు స్టెరాయిడ్‌కు కొంతవరకు చచ్చిపోతాయి, ఆ చికిత్సలో స్టెరాయిడ్ ఒక భాగం కూడా. పరీక్ష చేయకుండా ముందే పోస్తే జబ్బు దాక్కుంటుంది, మజ్జలో కూడా సరిగా దొరకదు, తర్వాత చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలో లెక్క తప్పుతుంది. చుక్కలు కనిపిస్తే ఒక పారదర్శకమైన గాజుగ్లాసు పక్కభాగంతో నొక్కి, గాజులోంచి చూడండి. నొక్కినప్పుడు మాయమైతే దద్దురు. నొక్కినా అలాగే ఉంటే చర్మం కింద రక్తం చిమ్మినట్లు, ఆ పూటే రక్తపరీక్ష చేయించాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని రాసేవారికీ ఇదే మాట. పైకి తగ్గినట్లుంటుంది, చూసేవాడికి ఆనవాలు దొరకదు.

ఆనవాలు చెడిపోవడమంటే గుర్తొచ్చింది. ఒకసారి లుకేమియా చికిత్సలో ఉన్న ఒక అమ్మగారు భుజం నుంచి వీపు దాకా ఎర్రమన్ను పూసుకుని వచ్చారు. అక్కి అని ఇంట్లోవాళ్లు కుమ్మరి చేత జాజు రాయించారు. తడిపిన దూదితో నేనూ నర్సూ అరగంట తుడిచాం. కింద వరసగా నీటిపొక్కులు, వాటి మధ్య రెండు చోట్ల నల్లటి చెక్కులు. అక్కి అన్న మాట నిజమే, వైద్యులు హెర్పిస్ జోస్టర్ అనేది దాన్నే, ఎసైక్లోవిర్‌తో తగ్గేదే. మన్నులోని ఫంగస్ మాత్రం కౌంట్లు లేని ఒంటికి అక్కి కంటే ప్రమాదం. పసుపు, వేపాకు ముద్ద, కలబంద గుజ్జు కూడా ఇప్పుడు వద్దు. మామూలు మనుషులకు అవి చేసే మేలు గురించి నేను వాదించను. కానీ పసుపు పూసిన చర్మం మీద నాకు ఎరుపు కనిపించదు, పచ్చి ఆకులతో సూక్ష్మజీవులూ వస్తాయి. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసినా, పక్కింటి పిల్లకు పోసినా, ‘అమ్మవారు’ అని ఊరుకోకుండా అదే రోజు ఆస్పత్రికి ఫోను చేయండి. పొక్కులు రాకముందే ఇవ్వగలిగిన రక్షణకు కొద్ది రోజులే గడువు ఉంటుంది.

మజ్జ మార్పిడి దాకా వెళితే మరో అధ్యాయం మొదలవుతుంది, దాత కణాలు రోగి చర్మాన్ని పరాయిదిగా భావించి దాడి చేయడం. అరచేతులు, అరికాళ్లు, చెవులతో మొదలై, విరేచనాలు, కామెర్లు తోడైతే మార్పిడి చేసిన వైద్య బృందానికి వెంటనే చెప్పాలి. ఇక్కడ ముక్క పరీక్ష కూడా ఎప్పుడూ తీర్పు చెప్పదు, మందు దద్దుర్లూ ఇదీ సూక్ష్మదర్శిని కింద ఒకేలా కనిపించే రోజులుంటాయి. ఇప్పుడు మీకు ఇంతకంటే అక్కర్లేదు.

మళ్లీ వస్తుందా అంటే, రావచ్చు. రక్త క్యాన్సర్‌తో వచ్చిన స్వీట్ సిండ్రోమ్ ఇతరులలో కంటే ఎక్కువగా తిరగబెడుతుంది. వస్తే రెండు ప్రశ్నలు వేయాలి. మందు ఏదైనా రేపిందా? లేక లుకేమియా తిరిగి తలెత్తుతోందా? అంతా బాగుందనుకున్న రోజుల్లో ఏ మందూ లేకుండా బిళ్లలు లేస్తే మజ్జ చూడమని నేనే అడుగుతాను. కౌంట్ల ఇంజెక్షన్ మళ్లీ ఇవ్వాలా వద్దా అనేది రక్తవైద్యుల నిర్ణయం. ఇన్ఫెక్షన్ ముప్పు పెద్దదైతే తెలిసే ఇస్తారు, స్టెరాయిడ్ సిద్ధంగా పెట్టుకుని. మీరు చేయాల్సింది ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో ఏ మందు తర్వాత ఎన్నో రోజున వచ్చిందో రాయించడం.

ఇంట్లో ఉండగా కొత్త మచ్చ కనిపిస్తే కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫొటో తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. బాల్‌పెన్‌తో మచ్చ అంచు చుట్టూ గీసి పక్కనే టైము రాయండి, చర్మం మీదే. ఆరు గంటల తర్వాత గీత దాటిందా లేదా అన్నది నాకు పది నిమిషాల వర్ణన కంటే ఎక్కువ చెబుతుంది. జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకుండా ముందు ఫోను చేయండి. మాత్ర జ్వరాన్ని దాస్తుంది, సూక్ష్మజీవిని కాదు.

వంకాయ తినవచ్చు. గోంగూర కూడా. ఈ జబ్బుకు పథ్యం లేదు. కౌంట్లు తక్కువగా ఉన్నన్నాళ్లూ బాగా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే పెట్టండి. మానాల్సింది వంకాయను కాదు, బండి మీది పచ్చి ఉల్లిపాయ ముక్కలను, కోసి ఉంచిన పుచ్చకాయను, నాలుగు రోజుల నాటి రోటి పచ్చడిని. పెద్దమ్మగారిని నొప్పించకుండా, ‘డాక్టరు వండిన వంకాయ తినమన్నారు’ అని నా మీద పెట్టేయండి.

చివర్లో మచ్చలు పడతాయా అని అడిగారు. స్వీట్ బిళ్లలు గుంట పడకుండా మానతాయి. మన చర్మం మీద గోధుమ రంగు మరక మాత్రం కొన్ని నెలలు ఉంటుంది, దానికి క్రీములు కొనకండి, తనంతట అదే పలచబడుతుంది. ముక్క తీసిన చోట కందిపప్పు బద్దంత మచ్చ ఉండిపోతుంది. ఆ కుట్టు ఏ రోజు తీయాలో అడిగి రాసుకున్నారా? స్టెరాయిడ్ మీద ఉన్నవారికి గాయం నెమ్మదిగా అతుకుతుంది, ముంజేతి మీది కుట్టును నేనైతే రెండు వారాలు ఉంచుతాను.